మావయ్య వేలికి తెలిసిన వేడి

మా షెడ్డులో ఒక సత్తుగిన్నె ఉంది. అందులో ఎవరూ ఎప్పుడూ టీ కాచలేదు, అన్నం వండలేదు. కారు ఇంజను వేడిని కనిపెట్టే సెన్సర్లని నీళ్ళలో మరగబెట్టడానికే దాని బతుకంతా సరిపోయింది. చిటికెన వేలంత ఇత్తడి ముక్క ఆ సెన్సరు. ఇంజనులో నీళ్ళు పారే దారిలో మూతి పెట్టుకుని కూర్చుంటుంది. నీళ్ళు ఎంత కాగాయో కారులోని కంప్యూటరుకి అదే చెప్పాలి. అది చెప్పిన దాన్నిబట్టి ఫ్యాను తిరుగుతుంది, డ్రైవరు ఎదురుగా ఉన్న ముల్లు లేస్తుంది, పడుతుంది. అది అబద్ధం చెబితే అంత పెద్ద ఇంజనూ నమ్మి మోసపోతుంది.

షెడ్డు మా మావయ్యది. మా అమ్మకి స్వయానా తమ్ముడు. అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్ళే రోడ్డు పక్కన, కొబ్బరికాయల లారీలు ఆగేచోట ఉంటుంది. వెనకే ఆయన ఇల్లు. నేను డిగ్రీ తప్పి ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్న ఏడాది ఆయనే వచ్చి, "చదువు రాకపోతే చేతులు లేవేంట్రా నీకు" అని నన్ను లాక్కుపోయారు. ఇరవై రెండేళ్ళు ఆయన పక్కన పని చేశాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎవరైనా బండి తెచ్చి "మేస్త్రి గారూ" అని పిలిస్తే, నేను ఆయన కుర్చీ వైపు చూస్తాను.

సెన్సరు బాగుందో లేదో తేల్చడం మహా విద్యేమీ కాదు. రెసిస్టెన్సు కొలిచే మీటరు తీగలు రెండూ దాని కాళ్ళకి తగిలించి నీళ్ళలో ముంచి, కింద పొయ్యి వెలిగిస్తే, నీళ్ళు వేడెక్కేకొద్దీ మీటరులో అంకె తగ్గుతూ రావాలి. ఎంత వేడికి ఎంత అంకె అన్నది లెక్క. ఆ వేడి ఎంతో తెలియడానికి లోకంలో అందరూ థర్మామీటరు పెడతారు. మావయ్య చూపుడు వేలు పెట్టేవారు. వేలు ముంచి తీసి, "ఇప్పుడు గోరువెచ్చ" అనేవారు. ఇంకాసేపటికి మళ్ళీ ముంచి, "ఆఁ, చుర్రుమంది, అంకె చూడు" అనేవారు. ఆ క్షణాన మీటరు ఆరువందలకి కాస్త అటూ ఇటూగా చూపిస్తే సెన్సరు మంచిది. చూపించకపోతే చెత్తబుట్టలోకి. ఇదీ మా ప్రయోగశాల.

నవ్వకండి. ఆ వేలు ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు. మా దగ్గర కారు కంప్యూటరుని చదివే స్కానరు ఉండేది. కానీ స్కానరు సెన్సరు చెప్పిన మాటే మళ్ళీ అప్పజెబుతుంది, అది నిజమో అబద్ధమో దానికేం తెలుసు. ఆ తీర్పు మావయ్యది. రేడియేటరు పై గొట్టం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "ముల్లు చెప్పేది నిజమే, నీళ్ళకి దారి వదిలే వాల్వు పట్టేసింది" అనేవారు. విప్పి చూస్తే అంతే. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ కూడా బండ్లు వచ్చేవి ఆ చేతి కోసం. థర్మామీటరు కొందామని నేను ఒకసారి అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వేలుండగా గాజుపుల్ల దేనికిరా" అన్నారు. "ఆయ్" అన్నాను.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. మా వైపు పెద్దవాళ్ళు ఏదన్నా చెబితే 'ఆయ్' అంటాం. అంటే అవునండీ, విన్నానండీ, మీరెలా అంటే అలాగేనండీ, అన్నీ అందులోనే. పై ఊళ్ళవాళ్ళు దీన్ని చూసి ముచ్చటపడతారు, ఎంత మర్యాదస్థులండీ మీరు అని. మర్యాదే. కాదనను. కానీ ఇరవై ఏళ్ళు ఆయ్ అంటూ పని నేర్చుకున్న మనిషికి, కాదు అనాల్సిన రోజు వస్తే నోరు తిరగదు. నాకు తిరగలేదు.

మావయ్యకి షుగరు పదిహేనేళ్ళుగా ఉంది. అత్త పొద్దున్నే బిళ్ళలు చేతిలో పెట్టేది. ఆయన వేసుకునేవారు, ఆ పైన బజారుకొచ్చి రెండు చెంచాల పంచదారతో టీ తాగేవారు. టీ కొట్టు దగ్గర మేమంతా గ్లాసుని అంచులు పట్టుకుని, చేతులు మార్చుకుంటూ ఊదుకుంటుంటే, ఆయన మాత్రం గ్లాసు చుట్టూ అరచెయ్యి బిగించి పట్టుకునేవారు. "మెకానిక్కు చేతులండీ, మొద్దుబారిపోయేయి" అనేవారు గర్వంగా. మేం కూడా గర్వపడ్డాం.

ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు, ఎండాకాలం పోయి వానలు పడ్డాక, వరసగా సెన్సర్లన్నీ పాడవుతున్నట్టు తేలడం మొదలైంది. వచ్చిన బండి వచ్చినట్టే, సెన్సరు దొంగదే. కొత్తది తెప్పించి గిన్నెలో వేస్తే అదీ దొంగదే. "రోజులు మారిపోయేయి, అంతా నకిలీ సరుకు" అని మావయ్య తిట్టేవారు. నేనూ తిట్టాను. విడిభాగాలు అమ్మే మనిషికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. ఆయన పాపం "చూసే పంపిస్తున్నానండీ" అని మొత్తుకునేవాడు.

అప్పుడొచ్చింది ఆ టాక్సీ. కువైట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి తిరిగొచ్చిన మనిషిది. వాళ్ళ ఇంటికి అదొక్కటే ఆధారం, అప్పనపల్లి వెళ్ళే యాత్రికుల్ని తిప్పేవాడు.

"మేస్త్రి గారండీ, పట్టుమని పది కిలోమీటర్లు వెళ్ళేసరికి ముల్లు ఎర్రగీత దాటేస్తోందండి. నీళ్ళు చూస్తే నిండుగానే ఉంటున్నాయండి" అన్నాడు.

బండిని అరగంట ఆన్‌లోనే ఉంచాం. మావయ్య గొట్టం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "ఏం లేదు. గోరువెచ్చగా ఉంది. సెన్సరు లేనిపోనిది చెబుతోంది" అన్నారు.

ఆయన చెయ్యి తీశాక అదే చోట నేను చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి లాక్కున్నాను. అరచెయ్యి ఎర్రబడింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. నా చెయ్యి కాలింది, ఆయన కాలలేదన్నారు. రెండిట్లో నేను అనుమానించింది నా చేతిని. నాది సుకుమారమైన చెయ్యిలే, ఇంకా పదును రాలేదులే అనుకున్నాను, నలభై దాటినవాణ్ణి.

సెన్సరు విప్పి గిన్నెలో వేశాం. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. మావయ్య వేలు ముంచి, "ఇంకా లేదు" అన్నారు. మీటరు ఆరువందలు దాటి దిగిపోయింది. మళ్ళీ ముంచి, "ఆఁ, ఇప్పుడు చుర్రుమంది" అనేసరికి మూడువందలు. కొత్త సెన్సరు వేసినా అదే తంతు. రెండు వేరు వేరు సెన్సర్లు ఒకే మాట చెబుతున్నప్పుడు, బుద్ధున్నవాడు మూడోవాడి వైపు చూస్తాడు. మేం చూడలేదు.

"ఇంక ఈ సరుకుతో లాభం లేదు. తీగకి చిన్న రెసిస్టరు అతికించేయ్, ముల్లు మధ్యలో కూర్చుంటుంది" అన్నారు మావయ్య. ఆవగింజంత ముక్క అది. తీగ మధ్యలో పెడితే సెన్సరు మాట కంప్యూటరుకి తగ్గి వినబడుతుంది. నీళ్ళు మరుగుతున్నా, బాగానే ఉన్నాయనుకుంటుంది. చాలా షెడ్డుల్లో చేసే పనే.

"ఆయ్" అని అతికించాను.

నాలుగో రోజు గన్నవరం అక్విడెక్టు వంతెన మీద ఆ బండి ఆగిపోయింది. బానెట్టు లోంచి పొగలు, లోపల ముసలమ్మలు. టాక్సీ ఆయన ఫోన్ చేసి తిట్టి ఉంటే బాగుండేది. "మేస్త్రి గారండీ, బండి ఆగిపోయిందండి, కొంచెం వస్తారాండీ" అన్నాడు. తాడు కట్టి లాక్కొచ్చి విప్పి చూస్తే ఇంజను మీది హెడ్డు వంకరపోయింది, దాని కింద గ్యాస్కెట్టు కాలిపోయింది. నీళ్ళని తిప్పే పంపు లోపల రెక్కలు అరిగిపోయి ఉన్నాయి. అంటే ఇంజను నిజంగానే ఉడికింది. సెన్సరు మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది.

మావయ్య అరిగిన పంపుని చేతిలో తిప్పి చూశారు. బండాయన ఎదురుగా నా వైపు తిరిగి, "అతకడంలో ఏదో తేడా చేసేవురా నువ్వు" అన్నారు. నేను "ఆయ్, నాదే పొరపాటండి" అన్నాను. ఆ పనంతా నా చేతుల మీదే ఊరికే చేసిచ్చాను. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆ మనిషి రోజూ వచ్చి, ఓ మూల స్టూలు మీద కూర్చుని వెళ్ళేవాడు.

వినాయక చవితి మర్నాడు అమలాపురం వెళ్ళి, స్కూళ్ళకి లాబొరేటరీ సామాన్లు అమ్మే కొట్లో ఒక థర్మామీటరు కొన్నాను. మావయ్య భోజనానికి వెళ్ళినప్పుడు గిన్నె పొయ్యి మీద పెట్టాను. అరవై డిగ్రీల దగ్గర మీటరు ఆరువందలు చూపించింది. టాక్సీలోంచి తీసిందీ అంతే, కొత్తదీ అంతే. చెత్తబుట్టలోంచి ఏరిన ఇంకో నాలుగూ అంతే. ఆ నాలుగూ వరసగా బల్ల మీద పెట్టుకుని, పొయ్యి ఆర్పేసి కూర్చున్నాను. షెడ్డులో తప్పు చెబుతున్న సెన్సరు ఇంక ఒక్కటే మిగిలింది. అది పప్పన్నం కలుపుకుంటోంది ఆ టైముకి.

ఆ మాట ఆయనతో చెప్పాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. మర్నాడూ అనుకున్నాను. ఆయన వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, "ఏరా, ఏం వచ్చేయి ఇవాళ" అని అడిగేసరికి ఆ రోజు వచ్చిన బండ్ల సంగతులు అప్పజెప్పేవాణ్ణి. ఆ వేలు పోయిందని చెప్పడమంటే, మీరింక మేస్త్రి కాదని చెప్పడమే. అంత మాట నా నోటితోనా?

అందుకని తెలివైన పని చేశాను. థర్మామీటరుకి కొబ్బరి పీచుతాడు కట్టి బల్ల కింద మేకుకి వేలాడదీశాను. మావయ్య వేలు ముంచి తీర్పు చెప్పేవారు, నేను ఆయ్ అనేవాణ్ణి. ఆయన అటు తిరగ్గానే తాడు లాగి, థర్మామీటరు ముంచి, అసలు సంగతి చూసుకుని, బండికి చెయ్యాల్సింది చేసేవాణ్ణి. ఆయన దొంగదన్న సెన్సరునే తుడిచి మళ్ళీ బిగించేవాణ్ణి. బండి బాగా నడిచేది. "చూసేవా, సెన్సరు మార్చగానే ఎలా దారికొచ్చిందో" అనేవారాయన. ఆయన పరువు నిలబెడుతున్నానని నాలో నేను మురిసిపోయాను. నిజం చెప్పాలంటే, షెడ్డు ఇప్పుడు నా చెయ్యి మీద నడుస్తోందన్న సంగతి కూడా నాకు తియ్యగానే ఉంది.

భాద్రపదం, ఆశ్వయుజం అలా గడిచాయి. ఆయన చెయ్యి ఒక్కటే మొద్దుబారిందనుకున్నాను. మనిషి అంటే చెయ్యి ఒక్కటే కాదన్నది నాకు తట్టలేదు.

కార్తీకంలో ఒక ఉదయం మావయ్య మామూలుగానే షెడ్డుకి వచ్చారు. మామూలుగానే నడిచారు. పదకొండు గంటలవేళ బండి కింద దూరి ఉన్న నాకు ఆయన పాదాలు కనిపించాయి. చెప్పుల మధ్య చర్మం తెల్లగా ఉబ్బి, పక్కన ఊడిపోయి, నీరు కారుతోంది. రెండు పాదాలూ.

బయటికి పాక్కుంటూ వచ్చి, "మావయ్యా, కాళ్ళకేమైందండీ?" అన్నాను.

"ఏమైంది?" అని ఆయన కిందకి చూసుకున్నారు. ఎవరి కాళ్ళో అన్నట్టు చూశారు.

కొన్నాళ్ళుగా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన అత్తతో అంటున్నారట. వేణ్నీళ్ళలో పెట్టుకుంటే తగ్గుతుందని, ఆ ఉదయం పెరట్లో కొబ్బరి డొక్కల మంట మీద అత్త నీళ్ళు కాచింది. బేసిన్‌లో పోసి పిలిచింది.

"వేలు పెట్టి చూసేరురా" అని అమలాపురం ఆస్పత్రి వరండాలో అత్త నాకు చెప్పింది. "చూసి, గోరువెచ్చగా ఉన్నాయి, ఇంకా పొయ్యమన్నారు. ఇంకో రెండు చెంబులు పోసేను. మళ్ళీ వేలు పెట్టి, ఆఁ చాలు అని కాళ్ళు పెట్టుకున్నారు. పావుగంట కూర్చున్నారు, హాయిగా ఉందన్నారు. ఆయన వేలు తప్పు చెబుతుందేంట్రా? నేనే, మంట ఎక్కువ పెట్టేసి ఉంటాను. నాకే తెలియలేదు. నేనే కాల్చేసేను ఆయన్ని."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెప్పడానికి అదే సమయం. అత్త చెయ్యి పట్టుకుని, కాదత్తా, ఆ వేలు ఎప్పుడో పోయింది, నాకు తెలుసు, అని ఉంటే సరిపోయేది. నేను మంచినీళ్ళ సీసా తెస్తానని కిందకి వెళ్ళిపోయాను.

ఎడం పాదం మానింది. కుడిది మానలేదు. కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ ఒక లేడీ డాక్టరు, మా అమ్మాయికంటే నాలుగేళ్ళు పెద్దదేమో, మావయ్య వేళ్ళ మీద సూదితో నొక్కి చూసి, నన్ను పక్కకి పిలిచింది.

"షుగరులో స్పర్శ ముందు పాదాలకి పోతుందండి. చేతుల దాకా వచ్చిందంటే పాదాలు ఎప్పుడో మొద్దుబారిపోయి ఉంటాయి. వేడి తెలియట్లేదని ఇంట్లో ఎవరూ గమనించలేదాండీ? అప్పుడే చూపించి ఉంటే కనీసం జాగ్రత్తలు చెప్పేవాళ్ళం కదండీ" అంది.

ఆ అమ్మాయి చేతిలోంచి చీటీ తీసుకుని మందుల కొట్టు వైపు నడిచాను. రెండో వారంలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆయన్ని లోపలికి తీసుకెళ్తుంటే, "టాక్సీ ఆయన బండి ఎలా ఉందిరా" అని అడిగారు. బాగా నడుస్తోందండి అన్నాను. నేను అన్న నిజం అదొక్కటే.

మాఘంలో మొదటిసారి షెడ్డుకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కర్ర పక్కన పెట్టుకున్నారు. ఆ పూట ఒక కారు వచ్చింది, ముల్లు అసలు లేవడం లేదని. సెన్సరు విప్పి గిన్నెలో వేశాను. డాక్టరు చెప్పాక ఆయన చేతుల సంగతి ఆయనకీ తెలుసు కనుక, దాచేదేముందిలే అనుకుని బల్ల కింద నుంచి థర్మామీటరు లాగాను. ఆలోచించకుండా లాగాను.

మావయ్య దాన్ని ఇవ్వమని చెయ్యి చాపారు. పీచుతాడు గ్రీజుతో నల్లగా, గట్టిగా అయిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తాడు అంత నల్లబడడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకి ఒకరు చెప్పాలా?

"ఎప్పుడు కొన్నావురా ఇది?"

నిన్ననో మొన్ననో అని ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది. "చవితి మర్నాడండి" అన్నాను.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం. మూడో వేలు మడిచి అలాగే ఉండిపోయారు. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, ఆర్పాలని కూడా నాకు తోచలేదు. ఆయన తిడతారని ఎదురుచూశాను. చెంప మీద కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

మడిచిన వేళ్ళు విప్పి, "మీ అత్తకి చెప్పేవా?" అన్నారు.

తల అడ్డంగా ఊపాను.

"ఆ రోజు నుంచీ పెరట్లో పొయ్యి వెలిగించడం లేదురా అది. తనే కాల్చేసేనని ఏడుస్తోంది. నేనెంత చెప్పినా వినడం లేదు." థర్మామీటరు నా చేతిలో పెట్టారు. "వెళ్ళి చెప్పు."

వెనక ఇంటికి వెళ్ళాను. అత్త వంటింట్లో పీట మీద కూర్చుని, మావయ్య టీ రెండు గ్లాసుల్లోకి మార్చి మార్చి పోస్తూ చల్లారుస్తోంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయనకి ఏదిచ్చినా అలాగే చేసేది. ముందు తన నాలిక మీద వేసుకుని, అప్పుడు ఇచ్చేది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను. టాక్సీ సంగతి, నా చెయ్యి కాలిన సంగతి, చెత్తబుట్టలో ఏరిన సెన్సర్లు, బల్ల కింద మేకు. అన్నీ చెప్పాను. ఆవిడ పొయ్యడం ఆపలేదు.

అంతా అయ్యాక తలెత్తి చూసింది. "అయితే ఆయన వేలు పని చెయ్యడం లేదని నీకు ముందే తెలుసా?"

"ఆయ్" అన్నాను.

నా జన్మలో ఆ మాట అంత బరువుగా ఎప్పుడూ రాలేదు. అత్త రెండు గ్లాసులూ కింద పెట్టేసి, "అయితే నేను కాదన్న మాట" అంది. ఎవరితోనో అన్నట్టు అంది. తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. మూడు నెలలు ఆవిడ మోసిన తప్పు నాది. తీసుకుంటానని వెళ్ళాను గానీ, మూడు నెలల మోత ఎలా వెనక్కి తీసుకుంటాం.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, గ్లాసు నా వైపు జరిపింది.

"మీ మావయ్యకి ఇచ్చిరా. చల్లారిందో లేదో నువ్వు చూసి ఇవ్వు."

ఆయన పోయే దాకా, ఏడాదిన్నర, ఆ టీ నేనే చూసి ఇచ్చాను. పూటకోసారి గ్లాసు నా చెంపకి ఆనించుకుని, కాలడం లేదని రూఢి చేసుకుని, ఆయన చేతికి అందించేవాణ్ణి. ఆయన తీసుకుని, "సరిపోయిందిరా" అనేవారు.